గెలిచినవాడికి ఫైలు

ఉగాది వెళ్లిన వారానికి నాకొక మెమో వచ్చింది. భోజన విరామంలో మెట్ల కింద కూర్చుని రమ్మీ ఆడుతూ పట్టుబడ్డానని, ఆ చర్య కార్యాలయ గౌరవానికి భంగకరమని, నా మీద క్రమశిక్షణ చర్య ఎందుకు తీసుకోరాదో తెలపాలని దాని సారాంశం. ఎండలు ముదిరేలోగా ఇంకో ఉత్తర్వు వచ్చింది. డివిజనులో పోకర్ అధ్యయనానికి నన్ను సమన్వయాధికారిగా నియమించారని దాని సారాంశం. అర్హతలు అన్నచోట నా చదువు రాయలేదు. 'పూర్వానుభవం: ఇంతకు ముందు జారీ అయిన మెమో చూడుడు' అని రాశారు. రెండు కాగితాల మీదా సంతకం ఒక్కరిదే, మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు పద్మనాభం గారిది.

నేనేమీ నొచ్చుకోలేదు. ఇరవై ఏళ్ల పైచిలుకు సూపరింటెండెంటుగిరీలో నేర్చుకున్నదేమిటంటే, తిట్టినా పొగిడినా ముందు అందినట్టు సంతకం పెట్టాలి, తరవాత చదువుకోవాలి.

మాది కాలువలూ లాకుల శాఖ, రేవుపాలెం డివిజను. మా శాఖలో నిర్ణయాలు జరగడం లేదని ఎవరో కిట్టనివాళ్లు పైన చెప్పారట. దాంతో మా కమిషనరు గారు మురుగు కాలువల మీద పరిశీలన కోసం వారం రోజులు విదేశం వెళ్లి, మురుగు సంగతి అక్కడే వదిలేసి, పోకర్ అనే పేకాట తెలుసుకుని వచ్చారు. ఆ దేశంలో పెద్ద పెద్ద వాళ్లు పోకర్ ఆడటం మాత్రమే కాదు, చదువుతారట. పొద్దున్నే లేచి సిద్ధాంతం, మధ్యాహ్నం సాధన, సాయంత్రం తమ తప్పుల మీద తామే సమీక్ష. ఎదుటివాడి ముక్కలేమిటో తెలియకుండానే నిర్ణయం తీసుకోవడం అలా అలవడుతుందట. కమిషనరు గారు విమానం దిగిన మర్నాడే 'అనిశ్చిత పరిస్థితులలో నిర్ణయ సామర్థ్యమును పెంపొందించు దైనందిన పోకర్ సాధనా పథకము' పుట్టింది. నోరు తిరగక మేమంతా దాన్ని సాధన అనే పిలిచేవాళ్లం.

నిర్ణయం కోసం ఎదురుచూస్తున్న ఫైళ్లు మా దగ్గర లేకపోలేదు. కొత్తలంక లాకు సంగతే చూడండి. కాలువ వెళ్లి సముద్రపు పాయలో కలిసేచోట ఉంటుందది. దాని ఇనప తలుపు కింది అంచు తుప్పుపట్టి ఊడిపోయింది. అమావాస్యకీ పున్నానికీ పోటు వచ్చిందంటే ఆ సందులోంచి ఉప్పునీరు కాలువలోకి ఎగదన్నుతుంది. కిందటేడు ఆ నీళ్లకి ఊరి ఆకుమళ్లన్నీ మాడిపోయాయి. తలుపు మార్చాలంటే కాలువ కట్టేసిన ఎండాకాలంలోనే మార్చాలి. నీళ్లు వదిలారంటే మళ్లీ ఏడాది దాకా దాని జోలికి పోవడానికి లేదు. తలుపు మార్చమనే ఫైలు మా ఆఫీసులోనే ఉంది. ఎక్కడికీ కదల్లేదు. అదే దాని జబ్బు.

ఆ ఫైలు వెనక తిరిగే మనిషి గుత్తుల సత్యవేణి. కొత్తలంక నీటి సంఘానికి అధ్యక్షురాలు. రెండెకరాల రైతు. ప్రతి సోమవారం మొదటి బస్సుకు వచ్చి వరండాలో బల్ల మీద కూర్చునేది. పద్మనాభం గారికి మిగతా వారాలన్నీ వారాలే గాని సోమవారం మాత్రం ఏలినాటి శని.

*

సాధన నేర్పడానికి రాజధాని నుంచి ప్రణీత్ అనే కుర్ర శిక్షకుడు వచ్చాడు. మే నెల ఎండలో నల్ల కోటు వేసుకుని, గోదావరి జిల్లా ఉక్కలో నిలువునా తడుస్తూ, మొదటి పాఠం చెప్పాడు.

"సర్, మీ వంతు వచ్చినప్పుడు మీరు నాలుగు పనుల్లో ఏదో ఒకటి చెయ్యొచ్చు. మొదటిది చెక్. అంటే మీరేమీ పెట్టరు. వంతు పక్కవారికి వదిలేస్తారు."

మేమంతా ఒకరి మొహాలొకరు చూసుకున్నాం.

"ఇది మాకు సర్వీసులో చేరిన రోజు నుంచీ వచ్చు నాయనా," అన్నారు పద్మనాభం గారు. "దీనికో ఇంగ్లీషు పేరుందని మాత్రం తెలీదు."

"రెండోది కాల్. ముందువారు ఎంత పెడితే మీరూ అంతే పెడతారు."

"పై నోటుతో ఏకీభవిస్తున్నాను," అన్నాను నేను.

"కరెక్ట్ సర్! మూడోది రైజ్. పందెం పెంచడం."

"సవరించిన అంచనా," అన్నాడు డ్రాఫ్ట్స్‌మన్.

"నాలుగోది ఫోల్డ్. ముక్కలు బోర్లా పెట్టేసి తప్పుకోవడం."

"మెడికల్ లీవు," అన్నారు అందరూ ఒక్కసారే.

ఇంత సహజ ప్రతిభ ఉన్న డివిజను తనకింతవరకూ తగల్లేదని ప్రణీత్ ఆ సాయంత్రమే కమిషనరు గారికి రాశాడు.

మర్నాడు దినచర్య గోడకెక్కింది. రాగానే ఊపిరి నిలిపే అభ్యాసం. ఆ తరవాత సిద్ధాంతం. ఆ తరవాత నిన్నటి తప్పుల సమీక్ష. మధ్యాహ్నం ఎదుటివారి ముఖకవళికల పరిశీలన. సాయంత్రం ఆట, ఆట మీద ఆత్మవిమర్శ. అంతా చదివి, "ఆఫీసు పనెప్పుడు సార్?" అని అడిగాను.

పద్మనాభం గారు దినచర్యను పైనుంచి కిందికీ కిందినుంచి పైకీ చూశారు. "మిగిలిన సమయంలో," అన్నారు.

మిగిలింది భోజన విరామం.

*

మా ఆఫీసులో ఏ పనికైనా దిష్టిచుక్క పెట్టేవారు అకౌంట్సు ఆఫీసరు భీమేశ్వరరావు గారు. ఆయన అభ్యంతరం లేకుండా మా దగ్గర గుండుసూది కూడా కొనలేదు. పేకముక్కల కొనుగోలు ఫైలు మీద ఆయన ఇలా రాశారు: 'కట్టకు యాభై నాలుగు ముక్కలు వచ్చుచున్నవి. ఆటకు యాభై రెండే అవసరమని శిక్షకుడు తెలిపియున్నాడు. అక్కరలేని రెండు జోకర్లకు ప్రభుత్వ ధనము ఏల వెచ్చించవలె?' దీని మీద వారం చర్చ నడిచి, చివరికి జోకర్లు రెండింటినీ అదనపు నిల్వగా చూపి, ఇనప్పెట్టెలో పెట్టి, తాళంచెవుల్లో ఒకటి ఆయనా ఒకటి పద్మనాభం గారూ ఉంచుకున్నారు.

తరవాత బ్లఫ్ వచ్చింది. లేని ముక్కలు ఉన్నట్టు నటించడమని ప్రణీత్ చెప్పగానే భీమేశ్వరరావు గారు లేచి నిలబడ్డారు.

"ఉద్యోగి పై అధికారిని తప్పుదోవ పట్టించరాదని ప్రవర్తనా నియమావళిలో ఉంది. ఇది ఎలా పొసగుతుంది?"

పద్మనాభం గారు మధ్యేమార్గం చూశారు. బ్లఫ్ చేయదలచిన ఉద్యోగి ఎవరి మీద, ఎందుకు, ఎంతసేపు చేయదలచినదీ తెలుపుతూ మూడు ప్రతుల్లో ముందస్తు అనుమతి తీసుకోవాలన్నారు.

"సర్, ముందే అనుమతి అడిగితే ఎదుటివాళ్లకు తెలిసిపోతుంది కదా సర్," అన్నాడు ప్రణీత్.

"దాన్నే పారదర్శకత అంటారు," అన్నారు పద్మనాభం గారు.

అదే చేత్తో ఇంకో రెండు నియమాలు చేర్చారు. కిందివాడు పైవాడి మీద పందెం పెంచరాదు. వంతులో అందరికన్నా పెద్ద అధికారి ఆఖరున మాట్లాడాలి, సమావేశాల్లో మాట్లాడినట్టే. ఈ రెండో నియమం తన మెడకే చుట్టుకుంటుందని ఆయనకప్పుడు తోచలేదు.

ఇక పందెం. డబ్బు పెడితే పోలీసులొస్తారు. చింతపిక్కలు పెట్టి చూశాం. రెండ్రోజులు ఆడాక ప్రణీత్ తల పట్టుకున్నాడు. చింతపిక్క పోయినా ఎవరికీ బాధ లేదు, వచ్చినా సంతోషం లేదు. "గుండె ఝల్లుమనేది ఏదైనా పెట్టాలి సర్. లేకపోతే నేర్చుకోలేరు."

"ఈ ఆఫీసులో గుండె ఝల్లుమనేది ఫైలొక్కటే," అన్నారు భీమేశ్వరరావు గారు. ఆయన హాస్యానికే అన్నారు. కాని సమావేశపు మినిట్సులో హాస్యం అని రాసే ఆచారం లేదు. అది తీర్మానమై కూర్చుంది. ఆ రోజు నుంచి మా బల్ల మధ్య పెండింగు ఫైళ్లు కుప్పపడ్డాయి. ఆట ధర్మం ప్రకారం కుప్ప గెలిచినవాడిది.

*

మొదటి వారం పద్మనాభం గారే గెలిచారు. పైవాడి మీద పందెం పెంచే వీలు ఎవరికీ లేదు, ఆయన ముక్కలకన్నా మంచి ముక్కలు చూపించే మర్యాదలేనితనం ఎవరికీ లేదు. శనివారం నాటికి ఆయన గదిలో ఫైళ్ల మధ్య బట్టతల మాత్రం కనపడేది. సోమవారం ప్రణీత్‌ని లోపలికి పిలిచారు. నేనూ ఉన్నాను.

"బాబూ, ఇందులో గౌరవంగా ఓడిపోవడం ఎలా?"

"ఫోల్డ్ చెయ్యాలి సర్. కాని మంచి ముక్కలుంటే మాత్రం..."

"మంచిచెడ్డలు నేను చూసుకుంటాను. నువ్వు ఫోల్డ్ సంగతి చెప్పు."

అక్కడినుంచి ఆయన పట్టుదల చూసితీరాలి. తెల్లవారుజామున లేచి అద్దం ముందు కూర్చుని ముక్కలు బోర్లా పెట్టి నెట్టడం సాధన చేసేవారు. మధ్యాహ్నం చేసేవారు. పడుకోబోయే ముందు చేసేవారు. ఆయన సతీమణి మా ఆవిడతో చెప్పుకుని వాపోయిందట, వేడి వేడి పెసరట్టు ముందు పెడితే మాటా పలుకూ లేకుండా దాన్ని రెండు వేళ్లతో అవతలికి నెట్టేస్తున్నారని. మరుక్షణం నాలిక్కరుచుకుని మళ్లీ లాక్కుంటున్నారని.

యథా రాజా తథా ప్రజా. ఆఫీసంతా ఫోల్డ్ మీద పడింది. రెండు రాజులు చేతిలో ఉండగా డ్రాఫ్ట్స్‌మన్ తప్పుకున్నాడు. స్టోర్సు గుమాస్తా ముక్కలు పంచకముందే తప్పుకోవడం నేర్చాడు. ప్రణీత్ కోటు విప్పేసి గోడకు చేరగిలబడి, "సర్, ఎవరో ఒకరు గెలవాలి సర్," అని బతిమాలేవాడు. కుప్పను ఈఈ గారి నెత్తినే పడేసే ధైర్యం లేక ఆఖరుకు ఎవరో ఒకరు మిగిలిపోయేవారు. అలా గెలిచిన దౌర్భాగ్యుడు ఆ ఫైళ్లను పొద్దుటిదాకా మోసి, మర్నాడు మొదటి ఆటలోనే మళ్లీ పందెం కాసేవాడు. అంతకుముందు మూడేళ్లకొక బల్ల కదిలిన ఫైలు ఇప్పుడు రోజుకు మూడు బల్లలు తిరిగింది. ప్రణీత్ ఫైళ్ల చలనశీలత అని గ్రాఫు గీసి పంపాడు. గీత నిట్టనిలువుగా ఆకాశానికి లేచింది. కమిషనరు గారు దానికి ఫ్రేము కట్టించుకున్నారని విన్నాం.

ఆ రోజుల్లోనే ఒక సోమవారం సత్యవేణి నన్ను వరండాలో నిలేసింది.

"సోమలింగం గారండీ, నా ఫైలు ఇప్పుడెవరి దగ్గరుందండీ?"

అబద్ధం చెప్పడానికి మూడు ప్రతుల్లో అనుమతి కావాలి గనక నిజమే చెప్పాను. "శుక్రవారం స్టోర్సు గుమాస్తా దగ్గరుందమ్మా. శనివారం డ్రాఫ్ట్స్‌మన్ రెండు ఏడులతో గెలుచుకున్నాడు. ఇవాళ మళ్లీ పందెంలో ఉంది."

ఆవిడ నోటి మీద చెయ్యి వేసుకుంది. "అయ్‌బాబోయ్! కోడిపందేల్లో పొలం పోగొట్టుకున్నోళ్లని చూశానండీ. ఊరి లాకు తలుపు పేకాటలో పెట్టినోళ్లని ఇదిగో, ఇక్కడే చూడ్డం."

కొంగు ముడి విప్పి గుప్పెడు మట్టి నా బల్ల మీద పోసింది. ఆవిడ ఆకుమడిలోది. పైన తెల్లగా పొర కట్టి ఉంది.

"కాస్త నాలిక మీద ఏసుకు చూడండి. కిందటేడు అప్పనపల్లో అడుక్కుని నారు తెచ్చుకున్నామండి. ఈ ఏడు వాళ్లూ ఇవ్వరంట. నీళ్లొదిలే రోజు దగ్గిర కొచ్చేసింది. తలుపు బిగించడానికి వారవన్నా పడద్ది కదండీ. ఈ సార్వా పంట పోతే మా ఊరు చేపల చెరువులోళ్లకి కౌలుకిచ్చెయ్యడవేనండి. ఇంకేవుందండి?"

నేను మట్టి నాలిక మీద వేసుకోలేదు. వేసుకోకుండానే నోరంతా ఉప్పగా అయింది. నాకు నిజంగా సిగ్గేసింది, కోపమూ వచ్చింది. ఆ కోపం ఎవరి మీదో తేల్చుకోవడానికి దినచర్యలో సమయం లేదు.

*

మధ్యాహ్నం అందరూ క్యారేజీలు విప్పుకుంటుంటే, ఆ వేళ కుప్పలోంచి కొత్తలంక ఫైలు చొక్కాలో దోపుకుని మెట్ల కిందికి వెళ్లాను. నాకలవాటైన చోటు. తీరా చూస్తే అక్కడ చీకట్లో ఎవరో కూర్చుని ఉన్నారు. భీమేశ్వరరావు గారు! ఒళ్లో క్యారేజీ సంచి, సంచిలోంచి ఒక ఫైలు అంచు.

"ఎవరితోనూ అనకండి సోమలింగం గారూ," అన్నారాయన గొంతు తగ్గించి. "నెల కావస్తోంది, ఒక్క అభ్యంతరం రాసి. చెయ్యి దురద పెడుతోంది. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు."

నేను కొత్తలంక ఫైలు ఆయన చేతిలో పెట్టాను. పసిబిడ్డని అందుకున్నట్టు అందుకున్నారు. ఇనుము ధర మీద ఒక అభ్యంతరం, కొలతల మీద ఒకటి, పాత తలుపు తుక్కు ఎవరికి చెందాలనే దాని మీద ఒకటి రాశారు. ఆ పక్కనే కూర్చుని అన్నిటికీ నేను జవాబు రాశాను. ఆయన చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఎంత హాయిగా ఉందండీ," అంటూ ఆమోదం రాసి సంతకం పెట్టారు. ఆయన ఇరవై నిమిషాల్లో ఆమోదించిన ఫైలు నా సర్వీసులో అదొక్కటే.

మర్నాటికి డ్రాఫ్ట్స్‌మన్ కూడా వచ్చి తలుపు బొమ్మ గీసిచ్చాడు. ఆ మర్నాటికి స్టోర్సు గుమాస్తా. జీపు డ్రైవరుని కాపలా పెట్టాం. ఎవరైనా వస్తుంటే దగ్గేవాడు. దగ్గు వినపడగానే గబగబా ఫైళ్లు దాచేసి పేకముక్కలు బయటికి తీసేవాళ్లం. పద్మనాభం గారొకసారి తొంగిచూసి, భోజనం వేళ కూడా సాధన మానని మా శ్రద్ధకు మెచ్చుకుని వెళ్లారు.

ఇక కావలసింది ఆయన సంతకం ఒక్కటే. అది దొరకాలంటే ఆయన ఆ ఫైలు గెలవాలి, గెలిచి నిర్ణయం తీసుకోవాలి. ఆయన గెలుపునే మరిచిపోయిన మనిషి. ఫైలు మళ్లీ కుప్పలో పడేసి, ఉన్న దేవుళ్లందరికీ దణ్ణం పెట్టుకున్నాను.

*

కాలువకు నీళ్లొదలడానికి పదిరోజులుందనగా కమిషనరు గారు తనిఖీకి వచ్చారు. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని వచ్చారు, సాధకుడి కళ్లలోని భావం ఎదుటివాడికి తెలియకూడదట. సన్మానాలకు వాడే ఆకుపచ్చ గుడ్డ బల్ల మీద పరిచాం. కమిషనరు గారు ప్రసంగించారు.

"మిత్రులారా! నిర్ణయమనునది ఫలితము కాదు. అదొక ప్రక్రియ. ప్రక్రియ సవ్యముగా ఉన్నచో ఫలితము లేకున్ననూ విచారించవలసిన పని లేదు. నేటి ప్రదర్శనలో గెలిచిన సాధకుడు గెలిచిన ఫైలుపై ఇచ్చటనే, ఇప్పుడే నిర్ణయము ప్రకటించును."

బల్ల చుట్టూ చల్లగాలి వీచినట్టయింది. కుప్పలోంచి ఒక ఫైలు తియ్యమంటే నేను తీశాను. ఏ ఫైలు తీశానో వేరే చెప్పక్కర్లేదు. ముక్కలు పంచారు. స్టోర్సు గుమాస్తా ఫోల్డ్. డ్రాఫ్ట్స్‌మన్ ఫోల్డ్. నేను ఫోల్డ్. భీమేశ్వరరావు గారు ముక్కలు చూడకుండానే ఫోల్డ్. పెద్దవారు ఆఖరున మాట్లాడాలన్న నియమం ప్రకారం పద్మనాభం గారు ఒక్కరే మిగిలారు. తప్పుకోవడానికి నోరు తెరిచేసరికి ఎదుట గెలవడానికెవరూ మిగల్లేదు. గెలిచేశారు.

కమిషనరు గారు చప్పట్లు కొట్టారు. "భేష్! నిర్ణయం సెలవియ్యండి."

పద్మనాభం గారి నుదుటి మీద చెమట పోసింది. కాని ముప్పై ఏళ్ల సర్వీసు ఊరికే పోలేదు. లేచి నిలబడి చేతులు కట్టుకున్నారు.

"సార్, తమరికి తెలియనిది కాదు. ఎదురు లేకుండా గెలిచాను. ఒకే ఒక్క టెండరు వచ్చినట్టయింది. నిబంధనల ప్రకారం దాన్ని ఆమోదించకూడదు సార్. మళ్లీ పిలవాలి."

కమిషనరు గారు కళ్లద్దాలు సవరించుకుని ఆలోచించారు. "సాంకేతికముగా సబబే. మళ్లీ ఎవరితో?"

ఆఫీసంతా నేల చూపులు చూసింది. మెడికల్ లీవు అనే మాట రెండుచోట్ల వినిపించింది. అప్పుడు వరండాలోంచి గొంతు వచ్చింది.

"నేను కూకుంటానండి."

సత్యవేణి గుమ్మం దాటి లోపలికి వచ్చింది. పద్మనాభం గారు అడ్డుపడబోయేలోగా కమిషనరు గారి మొహం వెలిగిపోయింది. "ప్రజా భాగస్వామ్యము! మన నివేదికలో అదొక్కటే లోటుగా ఉన్నది. ఫొటో తీయండి."

ఆవిడ కుర్చీలో కూర్చుని కొంగు సర్దుకుంది. "ఇదిగోండి ఈఈ గారూ. మీరు నెగ్గితే నేనింక జన్మలో ఈ ఆఫీసు మెట్లెక్కనండి. నేను నెగ్గితే ఇప్పుడే, ఇక్కడే, అందరి ముందరా సంతకం. మీ ఇష్టవండి."

పద్మనాభం గారి కళ్లు మెరిశాయి. సత్యవేణి లేని సోమవారాలు ఆయన కళ్ల ముందు బారులు తీరాయి. నా గుండె మాత్రం జారిపోయింది. ఊరి పంటంతా రెండు పేకముక్కల మీద పెట్టేస్తోంది ఈ మనిషి. వంగి చెవిలో అడిగాను.

"అమ్మా, మీకు ఈ ఆట వచ్చా?"

"రాదండి."

"మరి?"

"నాకెందుకండీ రావడం. ఆయనగారి ఆట ఇన్నాళ్లబట్టీ వరండాలోంచి చూత్తానే ఉన్నాను కదండీ."

ముక్కలు పంచారు. పద్మనాభం గారు తన రెండూ ఎత్తి చూసుకున్నారు. వెనక నిలబడ్డ నాకూ ప్రణీత్‌కీ కనిపించాయి. ఇస్పేటు ఆసు, ఆటీను ఆసు. అంతకన్నా మంచి ముక్కలు ఈ ఆటలో మొదటి పంపకంలో రావు. ప్రణీత్ గోడ పట్టుకున్నాడు. నేను కళ్లు మూసుకుని కొత్తలంకకు నీళ్లొదిలేశాను.

సత్యవేణి తన ముక్కలు ఎత్తనైనా ఎత్తలేదు. వాటి మీద రెండరచేతులూ ఆనించి, పద్మనాభం గారి కళ్లలోకి చూస్తూ అంది. "ఉన్నదంతా పెట్టేశానండి. ఇక తమ వొంతండి."

పద్మనాభం గారు ముక్కలకేసి చూశారు. ఆవిడ చేతులకేసి చూశారు. గెలుపు తన చేతిలో ఉందని ఆయనకు తెలుసు. కాల్ అంటే చాలు, ఒక్క మాట. పెదవులు ఆ మాటకోసం విచ్చుకున్నాయి కూడా. ఈలోగా ఆయన కుడిచెయ్యి, తెల్లవారుజామునా మధ్యాహ్నమూ పడుకోబోయే ముందూ తర్ఫీదు పొందిన చెయ్యి, తన పని తాను చేసుకుపోయింది. రెండు ఆసులనూ బోర్లా పెట్టింది. రెండు వేళ్లతో అవతలికి నెట్టింది.

"ఫోల్డ్," అన్నారు పద్మనాభం గారు.

మరుక్షణం ఆయనకు తెలివొచ్చి, పెసరట్టు లాక్కున్నట్టే గబుక్కున ముక్కలు వెనక్కి లాక్కోబోయారు.

"వదిలేసిన ముక్కలు మళ్లీ ముట్టుకోకూడదు సర్," అన్నాడు ప్రణీత్. మా ఆఫీసులో ఆ కుర్రాడు చెప్పిన నియమం చెల్లింది ఆ ఒక్కసారే.

"అంటే నేను నెగ్గినట్టేనాండీ?" అంది సత్యవేణి.

కమిషనరు గారు తల పంకించారు. ఫొటో తీసేశారు, నివేదికకు వెనకడుగు లేదు. పద్మనాభం గారు ఆఖరి ఆశతో ఫైలు తెరిచారు. ఎక్కడో ఒక ప్రశ్న ఖాళీగా ఉంటుంది, 'మాట్లాడండి' అని రాసి కింది బల్లకు పంపేద్దామని ఆశ. పుట తిప్పారు. అభ్యంతరం, దాని కింద జవాబు. ఇంకో పుట తిప్పారు. అభ్యంతరం, జవాబు. బొమ్మ ఉంది. కొలతలున్నాయి. భీమేశ్వరరావు గారి ఆమోదం ఉంది. దాని కింద ఒకే ఒక్క సంతకానికి సరిపడా చోటుంది. పద్మనాభం గారు భీమేశ్వరరావు గారికేసి చూశారు. ఆయన ఫ్యాన్ రెక్కలు లెక్కపెడుతున్నారు.

సంతకం పడింది.

అందరూ భోజనాలకు కదిలాక సత్యవేణి ముక్కలు తిప్పి చూశాను. ఒకటి మూడు, ఒకటి ఎనిమిది, జాతులు కూడా వేరు. ఆవిడకు చూపిస్తే, "మంచియేనాండీ?" అని అడిగింది. చాలా మంచివన్నాను. మూడు ప్రతుల అనుమతి లేకుండా నేను ఆడిన అబద్ధం అదొక్కటే.

*

నీళ్లొదిలే ముందు రోజు సాయంత్రానికి కొత్త తలుపు బిగించారు. జ్యేష్ఠ పున్నమి పోటుకి నేను ప్రత్యేకం బస్సెక్కి వెళ్లి లాకు మీద నిలబడ్డాను. సముద్రపు నీళ్లు తలుపుని ఢీకొని, అవతలే ఉండిపోయాయి. ఇవతలి కాలువలో దోసిలి ముంచి తాగాను. బురద వాసనే గాని ఉప్పు లేదు. సత్యవేణి ఆకుమడి చిలకపచ్చగా ఉంది. గట్టు మీద నిలబడి చూస్తుంటే నాకెందుకో కళ్లు చెమర్చాయి.

పథకం ఘనవిజయం సాధించిందనీ, సాధన వల్లనే డివిజనులో నిర్ణయం జరిగిందనీ కమిషనరు గారు నివేదిక రాశారు. పద్మనాభం గారిని ఉన్నత శిక్షణకు విదేశం పంపుతున్నారు. ప్రణీత్ మాత్రం కోటు మడిచి పెట్టెలో పెట్టుకుని, ఇంకో శాఖకు వైకుంఠపాళీ నేర్పడానికి వెళ్లిపోయాడు.

విమానం ఎక్కేముందు పద్మనాభం గారు చిన్న విచారణ జరిపించారు. దినచర్యలో పనికి సమయమే లేనప్పుడు ఆ ఫైలు అంత పూర్తిగా ఎలా తయారైందనేది విచారణాంశం. జీపు డ్రైవరు దగ్గు గురించి నిజం చెప్పేశాడు. నిన్న నాకొక మెమో వచ్చింది. భోజన విరామంలో మెట్ల కింద రహస్యంగా కూర్చుని ప్రభుత్వ ఫైలు పరిష్కరిస్తూ పోకర్ సాధన చేస్తున్నట్టు నటించానని, ఆ చర్య కార్యాలయ గౌరవానికి భంగకరమని, నా మీద చర్య ఎందుకు తీసుకోరాదో తెలపాలని దాని సారాంశం.

అందినట్టు సంతకం పెట్టాను. తరవాత చదువుకున్నాను. మా ఆవిడ కంగారు పడింది గాని నేను పడలేదు. మెమోని నాలుగు మడతలు పెట్టి, ఉగాది మెమో పక్కనే బీరువాలో భద్రంగా దాచాను. ఎప్పుడో ఒకప్పుడు పైవాళ్లెవరైనా మళ్లీ విదేశం వెళ్లి, ఆఫీసుల్లో పని కూడా చేస్తారని తెలుసుకుని రావచ్చు. అప్పుడు సమన్వయాధికారి కావాలంటారు. పూర్వానుభవం అడుగుతారు.